వెనక రూముల నీళ్లు

జులై 8, సోమవారం

రచన మేడం ఇవాళ రెండు పనులు అప్పగించారు. ఒకటి బ్లాగు. మా నర్సింగ్ కోర్సులో కమ్యూనిటీ హెల్త్ పేపరు కింద ఒక్కొక్కరూ ఇప్పటి ప్రజారోగ్య సమస్య ఒకటి తీసుకుని, టర్ము అయ్యేలోగా ఐదు పోస్టులు రాయాలి. రెండోది డైరీ. "బ్లాగు లోకం కోసం, డైరీ మీ కోసం. డైరీని నేను కూడా అడగను" అన్నారు. అడగనిదానికి మార్కులుండవు కాబట్టి క్లాసులో ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను. మార్కుల కోసం కాకుండా ఒక పని చేస్తున్నానని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

సమస్యల పంపకంలో తనుశ్రీ అందరికంటే ముందు చెయ్యెత్తి 'సోషల్ మీడియా వ్యసనం' తీసుకుంది. డెంగీ, రక్తహీనత, షుగరు కూడా పోయాయి. నా వంతు వచ్చేసరికి మిగిలింది 'వలస కార్మికుల నివాసాల్లో తాగునీరు, నీళ్ల విరేచనాలు'. కాలేజీ నుంచి బస్టాండు దాకా ముఖం ముడుచుకునే నడిచాను. బస్సు సంగారెడ్డి వదిలి కంది దాటేటప్పటికి నా అదృష్టం అర్థమైంది. మా ఇంటి వెనకే నాయిన కట్టించిన రూములున్నాయి. పాశమైలారం కంపెనీల్లో పనిచేసే ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు అద్దెకుంటారు. మిగతావాళ్లు ఫీల్డ్ వర్కు కోసం ఊళ్లు తిరగాలి. నేను పెరట్లోకి వెళ్తే చాలు.

జులై 11

బ్లాగు పేరు 'ఆరోగ్య దీపిక'. మొదటి పోస్టు: చేతులు కడుక్కునే పద్ధతి, బొమ్మలతో. ఇప్పటికి ఇద్దరు చూశారు. ఒకరు నేను. రెండోది అమ్మ ఫోనులో నేను.

జులై 14, ఆదివారం

ఫొటోల కోసం వెనక రూములకు వెళ్లాను. రెండు వరసలు, మధ్యలో సందు. సందు చివర రెండు లెట్రిన్లు, వాటి పక్కన సంపు, సంపు మోటారుకు ఒక పంపు. వాళ్లు తాగేవీ వండుకునేవీ ఆ నీళ్లే. పంపు కారకుండా దానికి పసుపుపచ్చ గుడ్డ కట్టి ఉంది. ఫొటోలో మా ఇల్లు గానీ కాంపౌండు గోడ గానీ పడకుండా చాలా జాగ్రత్తగా తీశాను. పరిశోధనలో గోప్యత ముఖ్యమని మేడం చెప్పారు.

మూడో రూములో ఝునూ ఉంటుంది. మందుబిళ్లల కంపెనీలో ప్యాకింగ్ పని. మొగుడిది ఇంకో కంపెనీలో షిఫ్టు. ఇద్దరికీ కలిపి ఒక పాప, మామునీ, నాలుగేళ్లుంటాయి. ఫోను ఎటు తిప్పితే అటు వచ్చి నిలబడింది.

"దీదీ, పానీ మే బాస్ ఆతా హై. వానొస్తే ఔర్ జ్యాదా" అంది ఝునూ. సంపు నీళ్లు వాసన వస్తున్నాయట, వానపడితే ఇంకా ఎక్కువట. నాయినకు చెప్తానన్నాను.

రెండో పోస్టు రాశాను. 'నివాసితుల్లో అవగాహన లోపమే వ్యాధులకు ప్రధాన కారణం.' వాక్యం బాగా కుదిరింది.

నాయినకు చెప్పడం మరిచిపోయాను. రేపు చెప్పాలి.

జులై 19

మేడం నా పోస్టు క్లాసులో చదివారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"అవగాహన లోపం అని అందరూ రాస్తారు హర్షిణీ. రాసేవాళ్లకు ఏ కష్టమూ ఉండదు. ఆ సంపు ఎవరు కట్టారు? బాగు చేయించాల్సిందెవరు? వాళ్ల గురించి రాయి."

"యస్ మేడం" అన్నాను.

ఇంటికొచ్చి కూర్చుంటే పోస్టు దానంతటదే వచ్చింది. శీర్షిక 'యజమానుల బాధ్యత'. 'గదికి గది కలుపుకుంటూ పోయే యజమాని నీటికీ మురుగుకూ మధ్య దూరాన్ని మాత్రం తగ్గించుకుంటూ పోతాడు' అని మొదలుపెట్టాను. సెప్టిక్ ట్యాంకుకూ తాగునీటికీ మధ్య కనీసం పదిహేను మీటర్లు ఉండాలని పుస్తకంలో ఉంది, అదీ రాశాను. రాస్తుంటే నిజంగానే కోపం వచ్చింది. నా మనసులో ఉన్నది చంద్రకాంత్ కాక రూములు. ఆయనకు ఊరి మొదట్లో కిరాణా దుకాణం, దాని వెనక మాకంటే ఎక్కువ రూములు, మాకంటే ఎక్కువ మురికి.

మా సంపు సంగతి వేరు. పదిహేను మీటర్లు ఉండకపోవచ్చు. కానీ మధ్యలో గోడ ఉంది. సిమెంటు గోడ.

ఫొటో మాత్రం ఆదివారం తీసిందే పెట్టాను. చంద్రకాంత్ కాక రూముల్లోకి వెళ్లి ఫొటోలు తీస్తే బాగుండదు.

జులై 23

సాయంత్రం నాయిన పిలిచి, "బిడ్డా, ఏందో రాస్తున్నవంట గదా. జెర సూపియ్యి" అన్నాడు. కళ్లద్దాలు లేకుండా మొదటి పేరా చదివాడు. నీటికీ మురుగుకూ అన్న చోట తలూపాడు.

"మంచిగ రాసినవ్. గీ చంద్రకాంత్ అసుంటోల్లకు తగలాలె."

నేనేమీ అనలేదు. తండ్రి మెచ్చుకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడటం బాగుండదు.

ఆ తర్వాత లింకు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఆయనే టైపు చేశాడు: 'నా బిడ్డ రాసింది. ఊర్ల ఓనర్లు అందరు చదవాలె.'

జులై 24

పొద్దున లేచేసరికి నా పోస్టును మూడు వందల మందికి పైగా చూశారు. మా ఊళ్లో ఇంతమందికి ప్రజారోగ్యం మీద ఆసక్తి ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

గ్రూపులో మొదటి జవాబు చంద్రకాంత్ కాకది. 'శాన మంచిగ రాసింది లింగన్నా. పంపుకు కట్టిన చీర గూడ మంచిగున్నది.' దాని కింద ఆడవాళ్ల నవ్వు బొమ్మలు వరసగా.

"చీరేంది?" అన్నాడు నాయిన. అమ్మ ఫోను లాక్కుని ఫొటో పెద్దది చేసి చూసింది. పోయినేడు బోనాలకు కట్టుకున్న పసుపు చీర. పొయ్యి దగ్గర కాలితే చింపి నాయినకు ఇచ్చింది. మోటారు పంపు కారుతుందంటే దాన్ని కట్టింది నాయినే. బోనమెత్తినప్పుడు ఆ చీరను ఊరంతా చూసింది.

జులై 24, సాయంత్రం

నాయిన మాట్లాడటం లేదు. అమ్మ ఇద్దరి వంతూ మాట్లాడుతోంది.

"ఊరందరి ముందట మన పరువు తీసినవ్. ఏం తక్వ చేసినం నీకు?"

"నేను మన రూముల గురించి రాయలేదమ్మా."

"మరెవ్వలయి?"

"అందరివీ. మామూలుగా."

"మామూలుగ రాసేదానివి మామూలు ఫొటో పెట్టాలె గదా." ఇంకోటి కూడా అంది. "గా కొసాకరి రూము కోసమే లెట్రిన్ గుంత ఇటు జరిపిండు మీ నాయిన. గా రూము కిరాయి రాకుంటె నీ కాలేజి యాడిది?"

గుంత సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. గోడ ఉందని మాత్రం తెలుసు.

జులై 26

ఫొటో మార్చాను. ఇంటర్నెట్‌లో ఏదో ఆఫ్రికా దేశపు పంపు దొరికింది. చాలా స్పష్టంగా ఉంది. నాలుగో పోస్టు రాశాను. 'అందరు యజమానులూ ఒకలా ఉండరు. కార్మికుల బాగోగులు చూసుకునేవారు, పండగలకు మిఠాయి పంచేవారు కూడా ఉన్నారు.' సమతూకం ఉండాలి. నాయినకు చూపించాను. చదవలేదు గానీ "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

చూసినవాళ్లు నలుగురు.

జులై 31

వాన.

ఆగస్టు 1

వాన. వెనక సందులో నీళ్లు నిలిచాయి. ఝునూ గుమ్మం ముందు ఇటుకలు పేర్చుకుంది.

ఆగస్టు 2, శుక్రవారం

మామునీకి విరేచనాలు. ఝునూ పనికి వెళ్లకుండా ఇంట్లోనే ఉంది. కాలేజీ నుంచి రాగానే అమ్మ చెప్పింది, వెంటనే వెళ్లాను. ఇలాంటప్పుడే కదా చదువు పనికొచ్చేది. నా బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉంటాయి. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలని, కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలని, ఒక రోజు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలని ఝునూకు హిందీలో వివరించాను. నేనే కలిపి చూపించాను. మామునీ రెండు గుక్కలు తాగి నా చున్నీకి మూతి తుడుచుకుంది. ఝునూ దండం పెట్టబోయింది, వద్దన్నాను. ఒక ఫొటో తీసుకున్నాను, జగ్గు కనిపించేలా. ఐదో పోస్టుకు ఇంతకంటే మంచి ముగింపు దొరకదు.

ఇవాళ చాలా తృప్తిగా ఉంది.

ఆగస్టు 3

ఆ జగ్గు నింపింది పంపు దగ్గర. నింపింది నేను.

ఆగస్టు 3, తర్వాత

పొద్దున క్లినికల్ డ్యూటీకి యూనిఫాం వేసుకుని, సీసాలో నీళ్లు పట్టుకుంటున్నాను. మా ఇంట్లో తాగడానికి డబ్బా నీళ్లు. పటాన్‌చెరు నుంచి ఆటోలో వస్తాయి. ఎందుకని ఎప్పుడూ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సంపు నీళ్లు మేము తాగం, అంతే. సీసా మూత పెడుతుంటే నిన్నటి జగ్గు గుర్తొచ్చింది. సీసా అక్కడే వదిలేసి వెనక్కి పరిగెత్తాను.

మామునీ చాప మీద పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్లు రావడం లేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా కిందికి దిగింది. పుస్తకంలో ఈ బొమ్మ కింద గీత గీసుకుని చదివాను, పరీక్షలో వచ్చింది కూడా. పక్క రూముల్లో ఇంకో నలుగురికి అదే.

నాయిన కారు షెడ్డులో బండి తుడుస్తున్నాడు.

"నాయినా, దవాఖానకు పోవాలె. మామునీకి అస్సలు బాగలేదు."

ఒక్క మాట అడగలేదు. గుడ్డ పడేసి కారు తీశాడు. వెనక సీట్లో ఝునూ, ఆమె ఒళ్లో పాప, పక్కన నేను. హైవే మీద లారీలను దాటుకుంటూ నాయిన అంత వేగంగా నడపడం ఎప్పుడూ చూడలేదు. పాప కక్కితే సీటు ఖరాబైంది. అద్దంలో చూశాడు, వేగం తగ్గించలేదు. నాయిన మంచివాడు. ఇది రాసి పెట్టాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి.

సంగారెడ్డి ప్రభుత్వ దవాఖానలో వెంటనే సెలైన్ పెట్టారు. పాప కాస్త కదిలాక డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చింది. చిన్న వయసే.

"తాగే నీళ్లు ఎక్కడివి?"

ఝునూ నాయిన వైపు చూసింది.

"బోరు నీల్లు మేడం" అన్నాడు నాయిన.

"అక్కడ ఇంకా కేసులున్నాయంటున్నారు. టీమును పంపాలి. ఇంటి ఓనరు ఎవరు?"

"ఓనరు ఊర్ల ఉండడు మేడం. హైద్రాబాద్‌ల ఉంటడు."

రెప్ప వెయ్యకుండా అన్నాడు. నాకు ఒక క్షణం నిజంగానే హైదరాబాద్‌లో ఒక ఓనరు కనిపించాడు, ఫ్లాట్లో సోఫా మీద కూర్చుని.

"మరి మీరు?"

"ఊరోన్నే మేడం. పోరి పానం బాగలేదంటే కారు తెచ్చిన."

"మంచి పని చేశారు. అందరూ ఇలా రారు" అంది డాక్టరమ్మ. నాయిన తల దించుకున్నాడు. తర్వాత ఆమె నా యూనిఫాం చూసి, "సిస్టర్, మీకు ఆ ఊరు తెలుసు కదా. ఓనరు పేరూ నంబరూ కనుక్కుని రాయించండి" అంది.

ఝునూ సెలైన్ పెట్టిన చెయ్యి కదలకుండా పట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో.

"లింగం" అన్నాను. "ఈయనే. మా నాయిన."

డాక్టరమ్మ నన్ను చూసింది, నాయినను చూసింది. ఏమీ అనకుండా రాసుకుంది. అంటే బాగుండేది.

ఝునూ అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో నాయిన ఒకే మాట అన్నాడు. కంది దగ్గర పోలీసులు కనిపిస్తే, "బెల్టు పెట్టుకో" అని.

ఆగస్టు 4, ఆదివారం

దవాఖాన వాళ్లు చెప్తే మా ఊరి ఏఎన్ఎం ఇందిరమ్మ వచ్చింది. క్లోరిన్ బిళ్లలు ఇచ్చి, రూమురూముకూ తిరిగి, సంపు మూత తీయించింది. గోడకు అడుగున పొడవునా పగులు. దాని వెనకే గుంత. సంపు నుంచి గుంత దాకా నాయిన అడుగులు వేసి కొలవబోయాడు, రెండు అడుగులకే గోడ తగిలింది.

"గింత దగ్గర ఎట్ల కట్టినవే లింగన్నా?" అంది ఇందిరమ్మ.

"అప్పుడు జాగ లేకుండె."

"జాగ ఉండె. రూము కట్టినవ్."

సంపు నీళ్లు పరీక్ష మందు ఉన్న ఒక చిన్న సీసాలో నింపి మా కిటికీలో పెట్టింది. నీళ్లలో మురుగు కలిసి ఉంటే సీసా నల్లబడుతుందట. "రేపు వచ్చి సూస్త. ఎవ్వలు ముట్టకుండ్రి."

ఎవరూ ముట్టలేదు. నాయిన మాత్రం చాయ్ తాగుతూ చూశాడు, అన్నం తిని చూశాడు, పేపరు చదువుతూ పేపరు మీదుగా చూశాడు.

ఆగస్టు 5

నల్లగా, డికాషన్‌లా అయింది.

అమ్మ సీసా కనిపించకుండా కర్టెన్ వేసింది. ఇందిరమ్మ వచ్చి తీసింది. సంపు మూత మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టింది, పంపుకున్న పసుపు గుడ్డ విప్పేసింది. బాగుచేసే దాకా వెనక రూములకు కూడా డబ్బా నీళ్లే పోయించాలని నాయినకు చెప్పింది.

నాయిన నాతో మాట్లాడటం లేదు. ఇంట్లో నా పేరు లేకుండా పని నడుస్తోంది. "గామెకు చాయ్ ఇయ్యి", "గామెను లైటు బంజేయమను."

ఆగస్టు 7

మామునీ ఇంటికొచ్చింది. సన్నగా అయింది. ఇటుకల మీద కూర్చుని, ఫోను తెచ్చావా అన్నట్టు నా చేతుల వైపు చూసింది. తీసుకుని వెళ్లలేదు.

మిగతా నలుగురూ తేరుకున్నారు. ఆరు రూములు ఖాళీ అయ్యాయి. రోగాల రూములని పేరు పడ్డాక ఉండలేమన్నారు. అందరూ చంద్రకాంత్ కాక రూముల్లోకి వెళ్లారు. అక్కడ సంపు మూత ఎవరూ తీసి చూడలేదు, అందుకని అక్కడ ఏ రోగమూ లేదు.

ఝునూ వెళ్లలేదు. ఎందుకని అడిగితే, అక్కడ నీళ్లు కూడా వాసనే, ఇక్కడైతే వాసన అని అందరికీ తెలిసింది కదా అంది.

ఆగస్టు 9

ఐదో పోస్టు. మేడం చెప్పిన నమూనాలో మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. 'ఒక పారిశ్రామిక ప్రాంతంలోని ఒక గ్రామంలో ఒక యజమాని' అని రాస్తుంటే మళ్లీ ఆ సోఫా ఆయనే కనిపిస్తున్నాడు. చివరికి ఇలా రాశాను.

'ఈ గదులు మావి. సంపు మా నాయిన కట్టించాడు. ఆ నీళ్లు మేము తాగం. ఆ నీళ్లతో ఓఆర్ఎస్ కలిపి ఒక పాపకు తాగించింది నేను.'

తర్వాత పగులు గురించి, నల్లబడిన సీసా గురించి. పసుపు గుడ్డ ఫొటో మళ్లీ పెట్టాను.

ఆగస్టు 10

వంటింట్లో ఉన్నాను. ముందు గదిలో అమ్మ పోస్టును పైకి చదువుతోంది. నాయిన కళ్లద్దాలు పోయాయట, చదివి వినిపించమన్నాడు. అద్దాలు ఆయన జేబులో ఉండటం నేను పొద్దునే చూశాను.

అమ్మ చివరి దాకా చదివింది.

"కట్టించిండు అని రాసింది" అన్నాడు నాయిన. "బాగుచేస్తుండు అని రాయలే?"

"బాగుచేస్తున్నవా?" అంది అమ్మ.

"మేస్త్రీ మల్లేష్‌ను రమ్మన్న. రేపు వస్తడు."

నేను వెళ్లి ఒక వాక్యం చేర్చాను.

ఆగస్టు 13

మల్లేష్ చెప్పిన ప్రకారం కొత్త గుంతకు వెనక చోటు లేదు. కొసాకరి రూము పడగొట్టాలి, లేదా ఇంటి ముందుకు రావాలి. నాయిన రెండు రోజులు ఆలోచించి రూము ఉంచి కారు షెడ్డు పీకించాడు. గుంత ఇప్పుడు మా ఇంటి గుమ్మానికి ఎదురుగా వస్తుంది. అమ్మ అన్నం మానేసింది.

"ఇంటి ముందట లెట్రిన్ గుంత. సుట్టాలొస్తే ఏమని చెప్పాలె?"

"నీ బిడ్డ బ్లాగు సదవమను" అన్నాడు నాయిన.

నా మీద అన్నాడో నాకోసం అన్నాడో తెలియలేదు. మొత్తానికి మాట్లాడాడు.

ఆగస్టు 21

కాలేజీలో ఫలితాలు. ఉత్తమ బ్లాగు తనుశ్రీది, 'సోషల్ మీడియా వ్యసనం'. చూసినవాళ్లు, షేర్ చేసినవాళ్లు అందరికంటే ఎక్కువట. ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ ఇస్తున్న ఫొటోను తనుశ్రీ అప్పుడే స్టేటస్ పెట్టుకుంది.

నా ఐదో పోస్టు కింద మేడం ఎర్ర అక్షరాల్లో రాశారు: 'రిఫరెన్సులు లేవు. నమూనా పాటించలేదు.' మార్కులు మధ్యరకం. క్లాసు అయ్యాక ఆగమన్నారు.

"ఇంట్లో ఎలా ఉంది?" అని అడిగారు.

"తవ్వుతున్నారు మేడం."

తలూపారు. ఇంకేదో అనబోయి, "బస్సు పోతుందేమో, వెళ్లు" అన్నారు.

ఆగస్టు 29

కొత్త గుంత అయింది. సంపు లోపలంతా గీకి, కడిగి, కొత్తగా ప్లాస్టరింగ్ చేశారు. కొత్త పంపు పెట్టారు. నాయినకు ఇవాళే కొబ్బరికాయ కొట్టి పంపు తిప్పాలని ఉంది. ఉన్న రూముల వాళ్లను పిలిచాడు. పిలవకుండానే చంద్రకాంత్ కాక కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాయిన స్టీలు గ్లాసు నిండా పట్టి నా చేతిలో పెట్టాడు.

"నా బిడ్డ నర్సు. పస్టు ఆమెనే తాగుతది."

అందరూ నన్నే చూస్తున్నారు. గ్లాసు చల్లగా ఉంది. వాసన లేదు.

"ఇందిరమ్మ సీసా ఏమైంది నాయినా?"

"పొద్దుగాల్నే పెట్టిపోయింది. రేపు తెలుస్తది."

"అయితే రేపు తాగుత."

నాయిన ముఖం ఎర్రబడింది. దగ్గరికి వచ్చి మెల్లగా, "అందరి ముందట మల్ల పరువు తీస్తవా?" అన్నాడు.

"ఇద్దరం కలిసే తాగుదాం. రేపు."

గ్లాసు తీసుకున్నాడు. నీళ్లకేసి చూశాడు. విసిరేస్తాడనుకున్నాను. మెల్లగా గోడవారన ఒలకబోసి వెనక్కి తిరిగాడు.

"రేపు రాండ్రి. సీసా సూసినంక."

"గిదేం ఓపెనింగే లింగన్నా?" అన్నాడు చంద్రకాంత్ కాక.

"గిట్లనే ఉంటది. నీ కాడికి గూడ వస్తది ఇందిరమ్మ. జర మూత తీసిపెట్టుకో."

కాక దుకాణంలో గిరాకీ ఉందని వెళ్లిపోయాడు.

ఆగస్టు 30, శుక్రవారం

సీసా నల్లబడలేదు. ఇందిరమ్మ వెలుగుకు పట్టి రెండుసార్లు చూసి, "తాగొచ్చు" అంది. అయినా నెలనెలా వచ్చి చూస్తానంది.

నాయినా నేనూ ఒక్కో గ్లాసు తాగాం. కొంచెం ఉప్పగా ఉన్నాయి. నాయిన మూతి తుడుచుకుని, ఉపన్యాసం ఇవ్వబోయేవాడిలా గొంతు సవరించుకున్నాడు. ఈలోగా ఝునూ బకెట్ పంపు కింద పెట్టి అడిగింది.

"సేఠ్‌జీ, కిరాయా బఢేగా క్యా?" కిరాయి పెరుగుతుందా అని.

నాయిన దీని గురించి ఆలోచించనే లేదనుకుంటాను. లేదా ఇన్నాళ్లూ దీని గురించే ఆలోచించాడేమో. కొత్త ప్లాస్టరింగ్ వైపు చూశాడు. షెడ్డు లేక ఎండలో నిలబడ్డ కారు వైపు చూశాడు. చివరికి నా వైపు చూశాడు.

"నహీ బఢేగా" అన్నాడు ఝునూతో. వెంటనే పక్కకు తిరిగి, నాకు మాత్రమే వినపడేలా తెలుగులో అన్నాడు. "ఈ యేడు."

ఝునూ మా వెనక రూముల్లో మూడేళ్లుగా ఉంటోంది. ఆమెతో మేము ఎప్పుడూ హిందీలోనే మాట్లాడాం. నిండిన బకెట్ ఎత్తి నడుముకు ఆనించుకుంది.

"ఈ యేడుకైతే సాలు సారూ" అంది, అచ్చం మా అమ్మ అన్నట్టే. మామునీ చెయ్యి పట్టుకుని రూముకు వెళ్లిపోయింది.